ష్లోషా ఎవరికి, షలోష్ ఎవరికి? హీబ్రూ అంకెల పొందిక

భాష, వ్యాకరణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: పాత నిబంధనను మూలభాషలో చదవాలన్న కోరికతో హీబ్రూ నేర్చుకుంటున్నాను. పదం చివర ‘ఆ’ వస్తే సాధారణంగా అది స్త్రీలింగమని మొదటి పాఠంలోనే చదివాను. యేలెద్ అంటే బాలుడు, యల్దా అంటే బాలిక. అంకెల పాఠానికి వచ్చేసరికి అంతా తలకిందులైంది. మూడుకు ‘షలోష్’, ‘ష్లోషా’ అని రెండు రూపాలిచ్చి, ‘ఆ’తో ముగిసే ష్లోషాను పుంలింగమన్నారు. ఇది అచ్చుతప్పా, లేక నాకు తెలియని సూత్రమేదైనా ఉందా?

జవాబు: అచ్చుతప్పు కాదు. మీ పుస్తకంలో ఉన్నదే సరైనది. హీబ్రూ నేర్చుకునేవారిలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగి, వెనక్కి తిరిగి పుస్తకాన్ని అనుమానిస్తారు. మీ అనుమానం మీరు శ్రద్ధగా చదువుతున్నారనడానికి గుర్తు. మూడు నుంచి పది దాకా హీబ్రూ సంఖ్యలన్నీ ఇలాగే తిరగబడి ఉంటాయి. పొట్టి రూపం స్త్రీలింగ నామంతోను, ‘ఆ’ చేరిన పొడుగు రూపం పుంలింగ నామంతోను వస్తాయి. స్త్రీలింగ వరుస ఇది: అఖాత్, ష్తాయిమ్, షలోష్, అర్బ, ఖమేష్, షేష్, షేవ, ష్మోనే, తేష, ఎసెర్. పుంలింగ వరుస ఇది: ఎఖాద్, ష్నాయిమ్, ష్లోషా, అర్బఆ, ఖమిషా, షిషా, షివ్‌ఆ, ష్మోనా, తిష్‌ఆ, అసారా.

ఈ రెండు వరుసలూ పక్కపక్కన నిలిచే వాక్యం మీరు చదవాలనుకుంటున్న గ్రంథంలోనే ఉంది. యోబు గ్రంథం మొదటి అధ్యాయం రెండో వచనంలో యోబు సంతానాన్ని చెబుతూ ‘షివ్‌ఆ వనీమ్ వె-షలోష్ బనోత్’ అన్నారు. ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు అని అర్థం. (కొడుకులు అన్న మాట నిజానికి బనీమ్, ముందున్న అచ్చు వల్ల ఇక్కడ వనీమ్ అయింది.) కొడుకుల ముందు ‘ఆ’తో ముగిసిన సంఖ్య, కూతుళ్ల ముందు ‘ఆ’ లేని సంఖ్య. సూత్రాన్ని పదిసార్లు వల్లె వేయడం కంటే ఈ ఒక్క వాక్యాన్ని కంఠతా పట్టడం మేలని నా గట్టి నమ్మకం. సందేహం వచ్చినప్పుడల్లా నాలుక మీదికి రావలసినది పట్టిక కాదు, ఇలాంటి వాక్యమే.

ఎందుకిలా తిరగబడిందన్నది భాషాశాస్త్రవేత్తలు చాలాకాలంగా చర్చిస్తున్న విషయం. హీబ్రూ ఒక్కదానికే ఇది ప్రత్యేకం కాదు. దాని సోదరభాషలైన అరబీలోను, ప్రాచీన అక్కాదియన్‌లోను మూడు నుంచి పది దాకా ఇదే పొందిక కనిపిస్తుంది కనుక దీని మూలం ఆ భాషలు విడిపోకముందే ఉందని చెప్పవచ్చు. ఉన్న వివరణల్లో నాకు నచ్చినది ఒకటి చెబుతాను. సంఖ్య చివర వచ్చే ఆ ‘ఆ’ మొదట్లో స్త్రీలింగ చిహ్నం కాదని, సంఖ్యను ఒక సమూహనామంగా, అంటే మనం త్రయం, పంచకం అన్నట్లుగా, మార్చే ప్రత్యయమని ఆ వాదం. ఆ ప్రత్యయంలో ఒకప్పుడు ‘త్’ ఉండేదని హీబ్రూ ఇప్పటికీ చూపిస్తుంది. ‘ఆ ముగ్గురు బాలురు’ అని నిర్దేశించి చెప్పేటప్పుడు ష్లోషా కాస్తా ‘ష్లోషెత్ హ-యెలదీమ్’ అవుతుంది. ఇలా నామానికి అతుక్కున్న రూపం ఎదురైతే అదేదో మూడో లింగమని భయపడవద్దు. ష్లోషా లోపల దాగి ఉన్న ‘త్’ బయటపడిందంతే.

సంఖ్య నామాన్ని బట్టి మారడం మనకు కొత్తేమీ కాదు. మనం రెండు పుస్తకాలంటాం, ఇద్దరు మనుషులంటాం. అక్కడ ‘రెండు మనుషులు’ అంటే చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. సంస్కృతం చదివినవారికి త్రయః, తిస్రః, త్రీణి తెలిసినవే. అయితే సంస్కృతం నాలుగుతో ఆ భారం దించేసి, పంచ నుంచి మూడు లింగాలకూ ఒకే రూపం వాడుతుంది. హీబ్రూ పంతొమ్మిది దాకా పూర్తిగా, ఆపైన చివరి అంకెలో మోస్తూనే ఉంటుంది. తేడా మరొకటి కూడా ఉంది. తెలుగు చూసేది మనిషా, కాదా అని. హీబ్రూకు ఆ విభజన లేదు. బల్లకూ గుడ్డుకూ కూడా లింగం ఉంటుంది, సంఖ్య దాన్నే అనుసరించాలి.

ఒకటి, రెండు మాత్రం ఈ తిరగబాటులో చేరవు. ఎఖాద్ పుంలింగం, అఖాత్ స్త్రీలింగం; ఇవి విశేషణంలాగా నామం తరువాత వస్తాయి: యేలెద్ ఎఖాద్, యల్దా అఖాత్. రెండు నామానికి ముందు వస్తూ కుదించుకుపోతుంది: ష్నే యెలదీమ్, ష్తే యెలదోత్. ష్నాయిమ్, ష్తాయిమ్ అన్న పూర్తి రూపాలు ఒంటరిగా నిలిచినప్పుడే. కాలానికి సంబంధించిన కొన్ని మాటలకు రెండు అన్న సంఖ్యే అక్కరలేదు, వాటికి ద్వివచనం ఉంది: యోమాయిమ్ అంటే రెండు రోజులు, ష్వుఆయిమ్ అంటే రెండు వారాలు, ష్నతాయిమ్ అంటే రెండేళ్లు.

ప్రశ్న: రెండు వరుసల్లో మొదట ఏది నేర్చుకోవాలి? నామవాచకం ఏదీ లేకుండా ఊరికే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేటప్పుడు ఏ రూపం వాడాలి?

జవాబు: స్త్రీలింగ వరుసనే మొదట నేర్చుకోండి. వ్యాకరణాల్లో పుంలింగం ముందు రావడం చూసి అలవాటైన మనకు ఇది వింతగా తోచవచ్చు గాని, హీబ్రూలో లింగం తెలియని చోట, దేనినీ ఉద్దేశించని చోట వచ్చేది స్త్రీలింగ సంఖ్యే. ఊరికే లెక్కపెట్టడం, కూడికలు తీసివేతలు, టెలిఫోన్ నంబర్, ఇంటి నంబర్, బస్సు నంబర్ అన్నీ స్త్రీలింగంలోనే చెబుతారు. జెరూసలేంలోని హీబ్రూ భాషా అకాడమీ, అంటే 1953లో ఇజ్రాయెల్ పార్లమెంటు చేసిన చట్టంతో ఏర్పడిన సంస్థ, చెప్పే ప్రమాణం కూడా ఇదే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. గది అన్న అర్థం గల ‘ఖేదెర్’ పుంలింగం. మూడు గదులు అనాలంటే ‘ష్లోషా ఖదరీమ్’. అదే మూడో నంబర్ గది అనాలంటే ‘ఖేదెర్ షలోష్’. మొదటి దానిలో సంఖ్య గదులను లెక్కిస్తోంది కనుక వాటి లింగాన్ని అనుసరించింది. రెండో దానిలో సంఖ్య తలుపు మీది గుర్తు మాత్రమే, అది దేనినీ లెక్కించడం లేదు కనుక స్త్రీలింగంలో ఉండిపోయింది. సంఖ్య నామానికి ముందుందా, వెనుక ఉందా అని చూసుకున్నా తేడా తెలిసిపోతుంది. బస్సు మార్గం అన్న అర్థంలో వాడే ‘కవ్’ కూడా పుంలింగమే, అయినా ఐదో నంబర్ బస్సు ‘కవ్ ఖమేష్’.

గంట, సంవత్సరం అన్న మాటలు రెండూ స్త్రీలింగాలు కావడం వల్ల నేర్చుకునేవారికి ఇంకో లాభం ఉంది. మూడు గంటలైందని చెప్పడానికి ‘హ-షాఆ షలోష్’ అంటారు. వయసు కూడా అంతే. పదేళ్ల బాలిక ‘బత్ ఎసెర్’, పదేళ్ల బాలుడు ‘బెన్ ఎసెర్’. బాలుడి వయసు కదా అని అసారా అనకూడదు. లెక్కిస్తున్నది బాలుణ్ణి కాదు, ఏళ్లను. 1948 అన్న సంవత్సరాన్ని ‘ఎలెఫ్ త్ష మెఓత్ అర్బఈమ్ ఉ-ష్మోనే’ అని చదువుతారు. చివరి ఎనిమిది ష్మోనే, ష్మోనా కాదు.

నిమిషాల దగ్గర మాత్రం ఒక విడ్డూరం ఉంది. నిమిషం అన్న అర్థం గల ‘దకా’ స్త్రీలింగమే, ‘ఎసెర్ దకోత్’ అంటే పది నిమిషాలు. కాని ఆ మాట వదిలేసి, ఆరుకు పది తక్కువ అని క్లుప్తంగా చెప్పేటప్పుడు ‘అసారా లె-షేష్’ అంటారు. ఆ చిన్న ముక్కలో పది పుంలింగం, ఆరు స్త్రీలింగం. దీన్ని సూత్రంతో సాధించబోకుండా నుడికారంగా పట్టుకోవడమే మంచిది.

ప్రశ్న: బహువచనంలో చివర ‘ఈమ్’ ఉంటే పుంలింగమని, ‘ఓత్’ ఉంటే స్త్రీలింగమని గుర్తుపెట్టుకుని సంఖ్యలు వాడుతున్నాను. అయినా తప్పులు వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: మీరు చూడవలసిన చోటు చూడడం లేదు గనుక. ఈ గుర్తు చాలా మాటల్లో పనిచేస్తుంది, అందుకే మోసం చేస్తుంది. సంఖ్యకు కావలసినది ఏకవచనంలో ఉన్న నామం లింగం. బహువచన ప్రత్యయం ఎలా ఉన్నా దానికి పట్టదు. బల్ల అన్న అర్థం గల ‘షుల్ఖాన్’ పుంలింగం, దాని బహువచనం ‘షుల్ఖనోత్’. మూడు బల్లలు ‘ష్లోషా షుల్ఖనోత్’. సంవత్సరం ‘షనా’ స్త్రీలింగం, బహువచనం ‘షనీమ్’. రాహేలు కోసం ఏడేళ్లు కొలువు చేస్తానని యాకోబు చెప్పిన మాట ఆదికాండంలో ‘షేవ షనీమ్’ అనే ఉంది. స్త్రీ అన్న అర్థం గల ‘ఇషా’కు బహువచనం ‘నషీమ్’, గుడ్డు ‘బేత్సా’కు ‘బేత్సీమ్’, మాట ‘మిలా’కు ‘మిలీమ్’, ఇవన్నీ స్త్రీలింగాలే. గోడ ‘కీర్’, కుర్చీ ‘కిసే’ పుంలింగాలైనా బహువచనంలో ఓత్ తగిలించుకుంటాయి. రాత్రి అన్న ‘లాయ్‌లా’ అయితే మరీ చిక్కైనది. ఏకవచనంలో ‘ఆ’తో ముగుస్తుంది, బహువచనంలో ‘లేలోత్’ అవుతుంది, రెండు చోట్లా స్త్రీలింగంలా కనిపిస్తుంది, కాని పుంలింగం. యోనా చేప కడుపులో ఉన్న కాలం ‘ష్లోషా యమీమ్ ఉ-ష్లోషా లేలోత్’, మూడు పగళ్లు మూడు రాత్రులు. పగలుకూ రాత్రికీ ఒకే ష్లోషా.

యూదులు పస్కా పండుగ రాత్రి భోజనం చివర పాడుకునే ‘ఎఖాద్ మి యోదేఅ’ అన్న లెక్కల పాట ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. ఒకటి ఎవరికి తెలుసు అని మొదలై పదమూడు దాకా ఒక్కొక్క సంఖ్యకూ ఒక అర్థం చెబుతూ, ప్రతిసారీ వెనక్కి ఒకటి దాకా దిగివస్తుంది. అందులో మూడు ‘ష్లోషా అవోత్’, అంటే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అనే ముగ్గురు పితరులు. నాలుగు ‘అర్బ ఇమహోత్’, అంటే శారా, రిబ్కా, రాహేలు, లేయా అనే నలుగురు మాతృమూర్తులు. అవోత్, ఇమహోత్ రెండూ ఓత్‌తోనే ముగిశాయి. అయినా తండ్రులకు పొడుగు రూపం, తల్లులకు పొట్టి రూపం. ఇంకో సంగతి: మూడు నుంచి పదమూడు దాకా ఆ పాటలో స్త్రీలింగ సంఖ్య ఈ నాలుగు ఒక్కటే, మిగిలినవన్నీ, షిషా, షివ్‌ఆ, ష్మోనా, తిష్‌ఆ, పుంలింగ రూపాలే. స్త్రీలింగ వరుస ఊరికే లెక్కపెడుతూ ఉంటే దానంతటదే నోటికి వస్తుంది. పుంలింగ వరుసను నోటికి ఎక్కించడానికి ఈ పాటకు మించిన సాధనం నాకు కనబడలేదు.

సంఖ్యలతో పాటు విశేషణాన్ని కూడా చేర్చి సాధన చేయండి, ఎందుకంటే విశేషణం లింగాన్ని దాచలేదు. పెద్ద బల్లలు ‘షుల్ఖనోత్ గ్దోలీమ్’, కొత్త మాటలు ‘మిలీమ్ ఖదషోత్’. నామం చివర ఓత్ ఉన్నా విశేషణం ఈమ్ అంటోంది కనుక బల్ల పుంలింగమని బయటపడింది. ‘ష్లోషా షుల్ఖనోత్ గ్దోలీమ్’, ‘ఎసెర్ మిలీమ్ ఖదషోత్’ అని మూడు మాటల గుత్తులుగా పలకడం అలవాటైతే, సంఖ్య కోసం వెతుక్కోవలసిన పని తగ్గుతుంది. కొత్త నామవాచకం రాసుకునేటప్పుడే పక్కన ‘ఎఖాద్’ అనో ‘అఖాత్’ అనో చేర్చి రాసుకోండి: లాయ్‌లా ఎఖాద్, బేత్సా అఖాత్. అసలు కష్టం సంఖ్యల్లో లేదు, నామాల లింగం తెలియకపోవడంలో ఉంది. బాలబాలికలు కలిసి ఉన్న గుంపును ఏమనాలన్నది చాలామంది అడుగుతారు. అక్కడ పుంలింగమే, ‘ఖమిషా యెలదీమ్’.

ప్రశ్న: పది దాటాక ఏం జరుగుతుంది? పెద్ద సంఖ్యల్లో ప్రతి అంకెకూ లింగం చూసుకోవాలా?

జవాబు: పదకొండు నుంచి పంతొమ్మిది దాకా సంఖ్యలో రెండు ముక్కలుంటాయి, రెండూ లింగాన్ని చూపిస్తాయి. పుంలింగంలో పదమూడు ‘ష్లోషా అసార్’, స్త్రీలింగంలో ‘ష్లోష్ ఎస్రే’. మొదటి ముక్క పొడుగైతే రెండోది పొట్టి, మొదటిది పొట్టి అయితే రెండోది పొడుగు. చదివేవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. అచ్చు గుర్తులు లేని మామూలు రాతలో, ఒంటరిగా ఉన్న స్త్రీలింగ పది ‘ఎసెర్’, పుంలింగ పదమూడులోని ‘అసార్’ ఒకే మూడక్షరాలతో రాస్తారు. చివర ‘హే’ అక్షరం చేరితే, ఒంటరిగా ఉన్నప్పుడు అది పుంలింగ పది ‘అసారా’, మరో అంకె వెనుక ఉన్నప్పుడు స్త్రీలింగ ‘ఎస్రే’. కనుక ముందున్న అంకెను చూడకుండా నోరు తెరవకూడదు. ఎనిమిదిలోనూ ఇలాంటిదే: ష్మోనే, ష్మోనా రాతలో ఒక్కటే, పలుకులోనే తేడా. యూదులు రోజూ నిలబడి చేసే ప్రధాన ప్రార్థనకు ‘ష్మోనే ఎస్రే’, పద్దెనిమిది, అన్న పేరుంది. అందులో లెక్కించేది ఆశీర్వచనాలను. ఆశీర్వచనం ‘బ్రఖా’ స్త్రీలింగం కనుక ఆ పేరు స్త్రీలింగంలో నిలిచిపోయింది.

ఇరవై, ముప్పై వంటి పదులకు లింగభేదం లేదు. ఇరవై మూడు వంటి వాటిలో చివరి అంకె మాత్రమే మారుతుంది. వంద ‘మెఆ’ స్త్రీలింగం, వెయ్యి ‘ఎలెఫ్’ పుంలింగం. వందలనూ వేలనూ లెక్కించే అంకెలు వాటి లింగాన్నే చూస్తాయి తప్ప, చివర వచ్చే వస్తువు లింగాన్ని చూడవు. ఒకే అంకె నాలుగుసార్లు వచ్చే సంఖ్యను తీసుకుంటే ఇది కళ్లకు కట్టినట్లు కనబడుతుంది. షెకెల్ అంటే ఇజ్రాయెల్ నాణెం; 3,333 షెకెళ్లను ‘ష్లోషెత్ అలఫీమ్ ష్లోష్ మెఓత్ ష్లోషీమ్ ఉ-ష్లోషా ష్కలీమ్’ అనాలి. వేల ముందు మూడు పుంలింగం, అదీ నామానికి అతుక్కున్న త్-రూపంలో. వందల ముందు మూడు స్త్రీలింగం. ముప్పై లింగం లేనిది. చివరి మూడు షెకెల్‌ను అనుసరించి పుంలింగం. అదే 3,333 అగోరాలైతే (అగోరా షెకెల్‌లో నూరోవంతు) ‘ష్లోషెత్ అలఫీమ్ ష్లోష్ మెఓత్ ష్లోషీమ్ వె-షలోష్ అగోరోత్’. అగోరా స్త్రీలింగం కాబట్టి చివరి మూడు మారింది, మిగిలిన మూడు చోట్లా అక్షరం కదలలేదు. ఈ రెండు వాక్యాలను కలిపి గడగడా అనగలిగిన రోజున హీబ్రూ సంఖ్యల వ్యవస్థ మొత్తం మీ చేతిలో ఉన్నట్లే.

ఇరవై రెండులో ఒక మెలిక చెప్పి వదిలేస్తాను. ఒంటరి రెండు నామం ముందు ష్నే అయినా, ఇరవై రెండులో పూర్తి రూపమే ఉంటుంది: ‘ఎస్రీమ్ ఉ-ష్నాయిమ్ యెలదీమ్’.

ప్రశ్న: ఇజ్రాయెల్‌వాళ్లే మాటల్లో ఈ నియమాలు పాటించరని విన్నాను. అలాంటప్పుడు నేనెందుకు ఇంత శ్రమపడాలి?

జవాబు: మీరు విన్నదాంట్లో నిజముంది. షెకెల్ పుంలింగం, పది షెకెళ్లు ‘అసారా ష్కలీమ్’ అనాలి. బజారులో వినబడేది మాత్రం ఎక్కువగా ‘ఎసెర్ షెకెల్’; సంఖ్య స్త్రీలింగంలోకి, నామం ఏకవచనంలోకి జారిపోయాయి. వాడుకలో జారడం ఎక్కువగా ఈ వైపుకే, స్త్రీలింగ రూపం పుంలింగం చోటును ఆక్రమించే వైపుకే. లెక్కపెట్టడానికి పనికొచ్చే రూపం అదే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

అయినా శ్రమపడమనే చెబుతాను. మీరు బజారుకు వెళ్లి బేరమాడడానికే నేర్చుకుంటుంటే ఎసెర్ షెకెల్ అనండి, ఎవరూ తప్పుపట్టరు. కాని పుస్తకాల్లోను, వార్తల్లోను, చదువుకున్నవారి రాతలోను ఈ భేదం చెక్కుచెదరకుండా ఉంది. మీరు చదవబోయే ప్రాచీన గ్రంథంలో అయితే సంఖ్య తరచూ ఆనవాలుగా పనికొస్తుంది. తెలియని నామం ముందు ‘షివ్‌ఆ’ కనబడితే అది పుంలింగమని, ‘షేవ’ కనబడితే స్త్రీలింగమని నిఘంటువు తెరవకముందే తెలుస్తుంది. దానితో ఆ వాక్యంలోని క్రియ, సర్వనామం ఎవరికి చెందుతాయో పోల్చుకోవచ్చు. ముందుగా ఆదికాండం ఐదో అధ్యాయం తీసుకోండి. ఆదాము నుంచి నోవహు దాకా ఒక్కొక్కరు బ్రతికిన ఏళ్లు అక్కడ వరుసగా ఉంటాయి. ‘షనా’, ‘షనీమ్’ అన్న ఒకే నామం చుట్టూ వందలు, పదులు, ఒకట్లు మళ్లీ మళ్లీ వస్తాయి. అవన్నీ స్త్రీలింగంలో ఎలా అమరాయో ఒక్కొక్క వచనంగా బిగ్గరగా చదవండి. తరువాత యోబు మొదటి అధ్యాయానికి వెళితే, కొడుకులూ కూతుళ్ల లెక్క అయ్యాక గొర్రెలు ఏడు వేలు, ఒంటెలు మూడు వేలు వస్తాయి; అక్కడ వేల ముందు నిలిచిన ‘షివ్‌అత్’, ‘ష్లోషెత్’ రూపాలను మీరే గుర్తుపట్టగలుగుతారు.